డ్రాఫ్ట్‌లో దాచిన ఫైలుకు పేరేం పెట్టారు?

ఉద్యోగానికి దరఖాస్తు మెయిల్ రాశారు. రెజ్యూమ్ జతచేశారు. రేపొకసారి తీరిగ్గా చదివి పంపుదాంలే అని మూసేశారు. మెయిల్ డ్రాఫ్ట్స్‌లోకి వెళ్లి కూర్చుంది. రాత్రి పడుకోబోతుంటే గుర్తొచ్చింది, రెజ్యూమ్‌లో పాత ఫోన్ నంబరు ఉందని. లేచి, కంప్యూటర్‌లో ఫైలు తెరిచి, కొత్త నంబరు వేసి, సేవ్ చేసి, హాయిగా నిద్రపోయారు. పొద్దున్నే డ్రాఫ్ట్ తెరిచి సెండ్ నొక్కారు.

ఇప్పుడు చెప్పండి, కంపెనీవాళ్లకు చేరింది ఏ నంబరు?

పాతదే. మీరు కొత్త సిమ్ వేసుకుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటే, వాళ్లు పాత నంబరుకు చేసి, స్విచ్ ఆఫ్ అని విని, జాబితాలో తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లిపోతారు. తప్పు మెయిల్ ప్రోగ్రామ్‌దా? అది చేయాల్సిన పనే చేసింది. మీదా? మీకు ఎవరూ చెప్పలేదు కదా!

అందుకే ఇప్పుడు చెబుతున్నాను. డ్రాఫ్ట్‌లో కనిపించే అటాచ్‌మెంట్ మీ ఫైలు కాదు. జతచేసిన క్షణాన తీసిన జిరాక్స్ కాపీ. అసలు కాగితం మీద తర్వాత ఏం దిద్దినా జిరాక్స్ మారదు. అసలు ఫైలుకు పేరు మార్చినా డ్రాఫ్ట్‌లో పాత పేరే ఉంటుంది. అసలుదాన్ని చెరిపేసినా డ్రాఫ్ట్‌లోది అలాగే ఉంటుంది. ఈ ఒక్క సంగతి వంటబట్టిందంటే మిగతా అధ్యాయమంతా మీకు తేలిక.

డ్రాఫ్ట్ గురించి ఒక అధ్యాయమా అని హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు నవ్వుకోవచ్చు. వాళ్లకు మెయిల్ రాయడం, పంపడం ఒక్క ఊపులో అయిపోయే పని. తెలంగాణ అంచున ఉన్న వేంసూరు లాంటి మండలంలో ఉండేవాళ్లకు అలా కుదురుతుందా? ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టుకోవాలి, అది వచ్చేదాకా ఆగాలి. కాలేజీ కాగితం కోసం సత్తుపల్లి వెళ్లాలి. బ్యాంకు కాగితం ఇంకో రోజు. మధ్యలో కరెంటు పోతుంది, లేదా సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతుంది. ఒక్కో కాగితం చేతికొచ్చినప్పుడల్లా ఆ మెయిల్‌కే తగిలిస్తూ పోతాం. పదిహేను రోజులు డ్రాఫ్ట్‌లో నానిన మెయిల్ మనకు వింతేమీ కాదు. అందులో ఏ ఫైలు ఏదో, ఎప్పటిదో ఆ పదిహేనో రోజున తెలియాలంటే దిక్కు ఒక్కటే: ఫైలు పేరు.

ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు పేరు, తర్వాతే జత

జతచేశాక పేరు మార్చుకోవచ్చులే అనుకుంటాం. జీమెయిల్‌లో అలా మార్చే వీలు లేదు. పేరు నచ్చకపోతే పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి ఆ ఫైలును తీసేసి, బయట పేరు మార్చి, మళ్లీ జతచేయాలి. కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు మాత్రం ఒక సదుపాయం ఉంది. రాస్తున్న మెయిల్‌లోనే అటాచ్‌మెంట్ మీద కుడి క్లిక్ చేస్తే రీనేమ్ అని వస్తుంది. అయితే అది మెయిల్‌లో వెళ్లే పేరును మాత్రమే మారుస్తుంది, మీ కంప్యూటర్‌లో ఉన్న ఫైలుకు పాత పేరే ఉంటుంది. రెండు చోట్ల రెండు పేర్లుంటే వారం తర్వాత తికమకపడేది మీరే. కాబట్టి ఏ ప్రోగ్రామ్ వాడినా ముందే పేరు పెట్టడం మేలు.

అసలు ఇప్పుడు మీ ఫైళ్లకు ఉన్న పేర్లు ఎవరు పెట్టారు? మీరు పెట్టలేదు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌కు వాట్సాప్ పెట్టింది: డాక్ అని మొదలై, తేదీ అంకెలు, చివర డబ్ల్యూఏ0003. కెమెరాతో తీసినదానికి ఫోన్ పెట్టింది. దిగుమతి చేసుకున్న ఈ-ఆధార్‌కు వెబ్‌సైట్ పెట్టింది, పేరులో చాలావరకు అంకెలే. ఒకే కాగితాన్ని రెండుసార్లు డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ రెండోదానికి బ్రాకెట్‌లో 1 తగిలించింది. ఇన్ని యంత్రాలు పెట్టిన పేర్లతో మీ మెయిల్ నిండితే, అవతలి గుమస్తాకు మీరెవరో ఎలా తెలుస్తుంది?

ఒక సన్నివేశం ఊహించుకోండి. ఒక పామాయిల్ రైతు. బ్యాంకువాళ్లు లోను కోసం కాగితాలు మెయిల్ చేయమన్నారు. నెట్ సెంటర్‌కు వెళ్లాడు. పాస్‌పుస్తకం, ఆధార్, అశ్వారావుపేట ఫ్యాక్టరీలో గెలలు తూకం వేసిన రసీదులు అన్నీ బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, వీటికి పేర్లేం పెట్టమంటావ్?"

"ఏదో ఒకటి పెట్టరా అబ్బాయ్, పేరుదేముంది!"

కుర్రాడు పేరు పెట్టలేదు. స్కానర్ తనే పెట్టుకుంది, స్కాన్0001 నుంచి స్కాన్0004 దాకా. నాలుగూ జతయ్యాయి. ఇంతలో భార్య పాస్‌బుక్ ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చి, డ్రాఫ్ట్‌గా దాచి ఇంటికెళ్లాడు. మర్నాడు వచ్చేసరికి కౌంటర్‌లో వేరే కుర్రాడు. స్కానర్ మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. భార్య పాస్‌బుక్కూ స్కాన్0001 అయింది. ఒకే మెయిల్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండొచ్చా? నిక్షేపంగా ఉండొచ్చు, మెయిల్ ప్రోగ్రామ్ అడ్డు చెప్పదు. అక్కడ బ్యాంకులో దించుకున్నవాళ్లకు ఒకదానికి బ్రాకెట్‌లో 1 వస్తుంది. అది నకలేమో అనుకుని వాళ్లు చెరిపేస్తే? రైతు మళ్లీ బస్సెక్కాలి.

ఫోన్‌లో పేరు మార్చడం కష్టం కాదు. ఫైల్స్ యాప్ తెరవండి, ఫైలు మీద వేలు నొక్కి ఉంచండి, మూడు చుక్కల మెనూలో రీనేమ్ ఎంచుకోండి. విండోస్ కంప్యూటర్ అయితే ఫైలును ఎంచుకుని ఎఫ్2 నొక్కితే చాలు. చివర చుక్క తర్వాత ఉండే పీడీఎఫ్, జేపీజీ లాంటి తోకను మాత్రం తాకకండి. అది పోతే ఆ ఫైలును దేనితో తెరవాలో అవతలి యంత్రానికి తెలియదు. విండోస్ ఈ తోకను మామూలుగా చూపించకుండా దాచిపెడుతుంది. అది లేదనుకుని మీరు ఇంకోసారి టైప్ చేస్తే పీడీఎఫ్ తర్వాత మళ్లీ పీడీఎఫ్ పడుతుంది. రెండు తోకల ఫైలును చూస్తే కొన్ని ఆఫీసుల వైరస్ కాపలా ప్రోగ్రామ్‌లు అనుమానపడతాయి.

2. పేరులో ఎవరు, ఏమిటి, ఎప్పటిది

ఇంటిపేరుతో మీ పేరు, కాగితం పేరు, సంవత్సరం. ఈ మూడూ ఉంటే ఎక్కువ సందర్భాలకు సరిపోతుంది. రెజ్యూమ్ అని మాత్రమే పెడితే మీ కంప్యూటర్‌లో అది ఒక్కటే రెజ్యూమ్. కంపెనీ హెచ్ఆర్ టేబుల్ మీద అదే పేరుతో ఎన్ని ఉంటాయో ఆలోచించండి. పేరు మనకోసం కాదు, అందుకునేవాళ్ల కోసం.

మన వైపు ఉండేవాళ్లు ఇంకొక ముక్క కలపాలి: ఊరు, లేదా రాష్ట్రం. ఎందుకంటారా? వేంసూరు మండలం దాటి అటు తిరువూరు, ఇటు చింతలపూడి వైపు వెళితే ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. పొలం ఇక్కడ కొంత, అత్తగారి వైపు అక్కడ కొంత ఉన్న కుటుంబాలు ఉంటాయి. ఇక్కడ పహాణీ అనే కాగితాన్ని అక్కడ అడంగల్ అంటారు. పేరులో 'పొలం కాగితం' అని మాత్రమే రాస్తే ఏ ప్రభుత్వానిదో తేల్చడానికి ఫైలు తెరవాల్సిందే. జిల్లా సంగతీ అంతే. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు విడిపోయాయి. భద్రాచలంలో పుట్టినవాళ్ల పాత సర్టిఫికెట్ మీద ఖమ్మం జిల్లా, కొత్తదాని మీద భద్రాద్రి కొత్తగూడెం.

సంవత్సరం ఎందుకు ముఖ్యమో భూమి కాగితాలే చెబుతాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. 2023లో డ్రాఫ్ట్‌లో పెట్టి మర్చిపోయిన మెయిల్‌ను ఇప్పుడు తీసి పంపితే అందులో ఉన్నది ధరణి నాటి కాగితం. పేరులో సంవత్సరం ఉంటే కన్ను అక్కడ ఆగుతుంది, మీరూ ఆగుతారు.

తేదీ రాసేటప్పుడు వాలుగీత వాడకండి. 12/08 అని రాస్తే విండోస్ ఒప్పుకోదు. వాలుగీతలు, కోలన్, నక్షత్రం గుర్తు, ప్రశ్నార్థకం, జంట కోట్ గుర్తు, నిలువు గీత, చిన్నది పెద్దది గుర్తులు, వీటిలో ఏదీ విండోస్ ఫైలు పేరులో చెల్లదు. మాటల మధ్య ఖాళీకి బదులు అడుగు గీత గానీ అడ్డగీత గానీ పెట్టుకోండి.

ఇక చేయకూడనివి రెండు. ఆధార్ నంబరును ఫైలు పేరుగా పెట్టొద్దు. ఫైలు లోపల ఉన్నది తెరిస్తేనే కనిపిస్తుంది, పేరు మాత్రం పక్కన కూర్చున్నవాళ్లకూ కనిపిస్తుంది. రెండోది, 'ఫైనల్' అనే మాట. ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్... ఈ వంశవృక్షం ఎక్కడ ఆగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తేదీ వేయండి, గొడవ వదిలిపోతుంది.

3. తెలుగులో పేరు పెట్టొచ్చా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. తెలుగు ఫైలుకు తెలుగు పేరు పెట్టుకుంటే తప్పేమిటి? తప్పేమీ లేదు. మీ ఫోన్‌లో, మీ కంప్యూటర్‌లో నిక్షేపంగా పెట్టుకోండి. జీమెయిల్ నుంచి జీమెయిల్‌కు పంపినా చాలావరకు క్షేమంగా చేరుతుంది. చిక్కు ఎక్కడంటే, అవతలివాళ్లు ఏ పాత ప్రోగ్రామ్ వాడుతున్నారో మనకు తెలియనప్పుడు.

మెయిల్ అనేది పుట్టినప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు మోయడానికే పుట్టింది. 1982 నాటి నియమాల్లో అటాచ్‌మెంట్ అన్న ఊసే లేదు. 1992లో అమెరికాలో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు మైమ్ అనే కొత్త పద్ధతి రాశారు. ఆ ఏడాది మార్చి 11న బోరెన్‌స్టీన్ తన పాటల బృందం ఫొటోను, వాళ్లు పాడిన పాటను జతచేసి మెయిల్ పంపాడు. ఇవాళ మనం పంపే ప్రతి పాస్‌బుక్ స్కానూ ఆ దారినే వెళుతుంది. ఆ దారిలో ఫైలు పేరు ఇంగ్లిష్ కాకపోతే దానికి మారువేషం వేయాలి. 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2231 అనే నియమం ఆ వేషం ఎలా వేయాలో చెప్పింది. కానీ అప్పటికే కొన్ని ప్రోగ్రామ్‌లు తమకు తోచిన వేరే వేషం అలవాటు చేసుకున్నాయి. ఒకరు వేసిన వేషాన్ని ఇంకొకరు పోల్చుకోలేకపోవడమే మన తలనొప్పి.

'ధ్రువపత్రం' అనే మాట తీసుకోండి. కంటికి నాలుగే అక్షరాలు. యంత్రం లెక్కలో వత్తులు, గుణింతాలు, సున్నా అన్నీ విడివిడిగా పది. ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున ముప్పై. ఆ నియమం ప్రకారం ఒక్కో బైటును మూడు ఇంగ్లిష్ గుర్తులుగా రాస్తే తొంభై! మెయిల్ లోపల ఒక వరుస 78 గుర్తులు దాటకపోవడం మంచిదని నియమాలు చెబుతాయి. అంటే నాలుగక్షరాల తెలుగు మాట ఒక వరుసలో పట్టదు, ముక్కలు చేయాలి. ముక్కల్ని తిరిగి కలపడం రాని ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? 'నోనేమ్' అని చూపిస్తుంది, లేదా ఏటీటీ00001 లాంటి అనామక నామం తగిలిస్తుంది. ఫైలు చేరుతుంది, పేరు చేరదు. మళ్లీ మొదటికొచ్చాం.

ఇంకో పేచీ మన డీటీపీ షాపులది. అక్కడ చాలామంది అను ఫాంట్లలో కొడతారు. అచ్చుకు అది అందంగానే ఉంటుంది. కానీ అది యూనికోడ్ కాదు. అదే కీబోర్డు లేఅవుట్‌తో ఫైలు పేరు కొడితే, పేరు చూపించే చోట అను ఫాంట్ ఉండదు కాబట్టి అర్థంపర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వరుసగా పడతాయి. వాళ్లకు అలవాటై గుర్తుపడతారు. మీ మెయిల్ అందుకున్న అధికారి మాత్రం వైరస్ అనుకుంటాడు.

కంటికి కనపడని దొంగ ఒకడున్నాడు. 'ఆధార్‌కార్డు' అని రాసినప్పుడు ర్ తర్వాత క అక్షరం విడిగా నిలబడటానికి మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతాం. దారిలో ఏ ప్రోగ్రామైనా దాన్ని తీసేస్తే 'ఆధార్కార్డు' అని ముద్దగా మారుతుంది. చదవడానికి పెద్ద నష్టం లేదు. కానీ వెతికితే దొరకదు. ఆ గుర్తుతో ఒకటి, గుర్తు లేకుండా ఒకటి దాచుకుంటే యంత్రం దృష్టిలో రెండూ వేర్వేరు.

నా సలహా: బయటి ఆఫీసుకు పంపే ఫైలుకు ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెట్టండి. మెయిల్ సబ్జెక్టు, లోపలి ఉత్తరం మాత్రం ధైర్యంగా తెలుగులో రాయండి. ముప్పై ఏళ్లుగా నలుగుతున్న ఈ చిక్కును తీర్చాల్సింది ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లు. వాళ్లు తీర్చేదాకా మీ స్కాలర్‌షిప్ ఎందుకు ఆగాలి?

4. దిద్దితే, తీసి మళ్లీ పెట్టండి

మొదట చెప్పిన రెజ్యూమ్ కథకు మందు ఇదే. అసలు ఫైలును ముట్టుకున్నారా? అయితే డ్రాఫ్ట్‌లోని పాతదాన్ని తీసేయండి, కొత్తదాన్ని జతచేయండి. తీయకుండా కొత్తది మాత్రమే చేర్చేవాళ్లు కొల్లలు. అప్పుడు రెండూ వెళతాయి, అవతలివాళ్లు ముందు కనిపించినదాన్ని తెరుస్తారు.

థండర్‌బర్డ్‌లో ఒక మెలిక ఉంది. జతచేశాక సేవ్ గానీ సెండ్ గానీ చేసేదాకా అది మీ డిస్క్‌లోని ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది, అంతే. ఆలోపు మీరు ఆ ఫైలుకు పేరు మార్చినా వేరే ఫోల్డర్‌లోకి జరిపినా, పంపేటప్పుడు దొరకలేదని ఫిర్యాదు చేస్తుంది. డ్రాఫ్ట్‌గా సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచారంటే మాత్రం లోపలున్నది కాపీయే. అక్కడి నుంచి మీ డిస్క్‌కూ దానికీ సంబంధం తెగిపోయినట్టే.

5. సిగ్నల్ బాగాలేని రోజున

జీమెయిల్‌ను బ్రౌజర్‌లో వాడుతున్నారా? ఫైలు జతచేయగానే ఒక గీత నిండుతూ కనిపిస్తుంది. అది పూర్తిగా నిండేదాకా కిటికీ మూయకండి. మీరు రాసిన మాటలు తేలిక, క్షణంలో సర్వర్‌కు వెళ్లి డ్రాఫ్ట్‌లో కూర్చుంటాయి. ఫైలు బరువు, అది సగం దారిలో ఉండగా మూసేస్తే మాటలు మిగులుతాయి, ఫైలు మిగలదు. మర్నాడు "నిన్న పెట్టాను కదా!" అని తల పట్టుకోవడం అప్పుడే.

థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రామ్ వాడేవాళ్లకు వేరే సలహా. సర్వర్‌లో ఉన్న డ్రాఫ్ట్‌ను దిద్దడం కుదరదు, అక్కడి పద్ధతే అంత. ప్రతిసారీ కొత్త డ్రాఫ్ట్ మొత్తం పైకెక్కించి పాతదాన్ని చెరిపేయాలి. పైగా ఫైలును అక్షరాల్లోకి మార్చి పంపుతుంది కాబట్టి ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి. ఆరు ఎంబీ స్కాన్ ఎనిమిది దాటుతుంది. ఆటోసేవ్ మామూలుగా ఐదు నిమిషాలకోసారి నడుస్తుంది. అంటే మీరు నింపాదిగా అరగంట ఉత్తరం రాస్తుంటే, ఆ ఎనిమిది ఎంబీలు మళ్లీ మళ్లీ పైకెక్కుతూ మీ డేటా ప్యాక్‌ను నమిలేస్తుంటాయి.

'ముందు జతచేయి, తర్వాత రాయి' అని చాలా పుస్తకాలు చెబుతాయి, మర్చిపోకుండా ఉండటానికి. నెట్ బాగున్నచోట అది మంచి సలహానే. ఒక్క గీత సిగ్నల్‌లో కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడుతున్నప్పుడు తిరగేయండి: ఉత్తరం పూర్తిచేయండి, ఆఖరున జతచేయండి.

అందుకునేవాళ్ల చిరునామా ఎప్పుడు రాయాలి? ఎవరు ఎక్కడున్నా, అన్నిటికంటే చివర. చిరునామా లేని మెయిల్‌ను వేలు జారినా పంపలేరు.

6. ఫైలా, లింకా?

జీమెయిల్‌లో అటాచ్‌మెంట్లు 25 ఎంబీ దాటితే అది వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, మెయిల్‌లో లింకు మాత్రం ఇస్తుంది. ఇప్పుడు జిరాక్స్ సూత్రం తలకిందులవుతుంది. లింకు అసలు ఫైలునే చూపిస్తుంది. మీరు డ్రైవ్‌లో దాన్ని మారిస్తే వాళ్లకు మారినదే కనిపిస్తుంది, చెరిపేస్తే ఏమీ కనిపించదు. పైగా చూడటానికి అనుమతి ఇవ్వడం మర్చిపోతే, వాళ్లు నొక్కినప్పుడు 'అనుమతి కోరండి' అనే పేజీ ఎదురవుతుంది. ఆఫీసులో ఎవరికి అంత ఓపిక? ఫొటోల్లా తీసిన స్కాన్‌లను కాస్త కుదించి, ఫైలుగానే పంపండి.

7. పంపేముందు లోపలికి తొంగిచూడండి

పేరు సరిగ్గా ఉంది కదా అని నమ్మేయకండి. సరైన పేరు కింద తప్పు కాగితం ఉండొచ్చు, తమ్ముడి మార్కుల మెమోకు మీ పేరు పెట్టి ఉండొచ్చు. డ్రాఫ్ట్‌లోని అటాచ్‌మెంట్‌నే నొక్కి తెరవండి. మీ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని తెరిచి చూసుకుంటే లాభం లేదు, వెళ్లేది అది కాదు. ముఖ్యమైన మెయిల్ అయితే ముందు మీకే పంపుకుని, వేరే ఫోన్‌లో తెరవండి. పేర్లు ఎలా చేరాయో, తోకలు ఉన్నాయో లేవో అక్కడ తేలిపోతుంది.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు తాళం ఉంటుంది: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. ఆ సంగతి మెయిల్‌లో రాయకపోతే వాళ్లు తెరవలేరు. రాస్తే తాళంచెవి తాళానికే వేలాడదీసినట్టవుతుంది. ఫోన్‌లో విడిగా చెప్పండి.

8. జతచేయడం మర్చిపోతే గుర్తుచేసేవాళ్లు

ఇంగ్లిష్‌లో 'అటాచ్డ్' అని రాసి ఫైలు పెట్టకుండా సెండ్ నొక్కితే జీమెయిల్ ఆపి అడుగుతుంది. 'జతపరిచాను' అని తెలుగులో రాస్తే అది అడుగుతుందని ఆశ పెట్టుకోకండి. థండర్‌బర్డ్‌లో అయితే మీరే నేర్పొచ్చు. సెట్టింగ్స్‌లో కంపోజిషన్ విభాగంలో అటాచ్‌మెంట్ గుర్తుచేసే మాటల జాబితా ఉంటుంది. అందులో 'జతచేశాను', 'జతపరిచాను', 'ఇందుతో పాటు' అని చేర్చుకోండి. ఐదు నిమిషాల పని.

9. నెట్ సెంటర్ నుంచి బయటికొచ్చేముందు

డ్రాఫ్ట్‌లో ఉన్నది కాపీ అని తెలిశాక ఇక్కడ ఒక లాభం ఉంది. గీత నిండి, డ్రాఫ్ట్ తెరిచి చూసుకున్నాక, ఆ కంప్యూటర్‌లో మిగిలిన స్కాన్‌లను నిర్భయంగా చెరిపేయొచ్చు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, డెస్క్‌టాప్ మీద, చివరికి రీసైకిల్ బిన్‌లో కూడా. ఆ తర్వాత లాగౌట్. మీ డ్రాఫ్ట్‌కు ఏమీ కాదు, ఇంటికెళ్లి ఫోన్‌లో తెరిచినా అవే ఫైళ్లు అవే పేర్లతో ఉంటాయి.

అలాగని డ్రాఫ్ట్స్‌నే బీరువా చేసుకోకండి. జీమెయిల్‌లో రాస్తున్న కిటికీలో చెత్తబుట్ట బొమ్మ మీద వేలు పడిందంటే, కాసేపు కనిపించే అన్‌డూ తప్ప దాన్ని తిరిగి తెచ్చుకునే దారి లేదు. పంపిన మెయిల్‌ను చెరిపేస్తే ట్రాష్‌లో 30 రోజులుంటుంది, పారేసిన డ్రాఫ్ట్‌కు ఆ భాగ్యం కూడా లేదు. పాత డ్రాఫ్టులు మీ ఖాతాలోని ఉచిత 15 జీబీని కూడా తింటుంటాయి. పండక్కి ఇల్లు దులిపినప్పుడు వాటినీ ఒకసారి దులపండి.

10. "మీ ఫైలు ఓపెన్ కావట్లేదు" అని ఫోనొస్తే

కంగారుపడి అదే మెయిల్‌ను మళ్లీ పంపకండి. అదే జబ్బుతో మళ్లీ వెళుతుంది. ముందు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "సార్, మీకు అక్కడ ఫైలు పేరు ఏమని కనిపిస్తోంది?"

నోనేమ్ అనో, ఏటీటీ అనో అంటే, మీ పేరు దారిలో పోయింది. చిన్న ఇంగ్లిష్ పేరు పెట్టి పంపండి. విన్‌మెయిల్.డాట్ అంటే, ఔట్‌లుక్ నుంచి రిచ్ టెక్స్ట్ రూపంలో వెళ్లిన మెయిల్ అది. ఔట్‌లుక్ సెట్టింగ్ హెచ్‌టీఎమ్‌ఎల్‌కు గానీ ప్లెయిన్ టెక్స్ట్‌కు గానీ మార్చి పంపమని మీకు మెయిల్ పెట్టిన నెట్ సెంటర్‌వాళ్లకు చెప్పండి. పేరు సరిగ్గానే ఉంది, పాస్‌వర్డ్ అడుగుతోంది అంటే ఈ-ఆధార్ సంగతి. పేరు ఉంది, నొక్కితే అనుమతి కావాలంటోంది అంటే అది లింకు, డ్రైవ్‌లోకి వెళ్లి అనుమతి ఇవ్వండి. పేరు సరిగ్గానే ఉంది, తోక లేదు అంటే చుక్క పెట్టి పీడీఎఫ్ అనో జేపీజీ అనో అసలు తోకను చేర్చుకోమనండి, వాళ్ల దగ్గరే తెరుచుకుంటుంది.